రసీదు పుస్తకం, ఈతముళ్లు

ఆదివారం, రాత్రి 11:40

కాళ్లు పీకుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకుంటే తెల్లవారేసరికి సగం మరిచిపోతాను.

పొద్దున ఏడింటికే రసీదు పుస్తకం పట్టుకుని బయలుదేరాను. ఈ రాత్రి మా కాలనీ పార్కులో తోలుబొమ్మలాట. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి ఒక కుటుంబం వస్తోంది. ఇంకా మూడు వీధుల చందా వసూలు కావాలి. ఆదివారం పొద్దున్నే తలుపు తట్టేవాళ్లంటే ఎవరికీ ఇష్టం ఉండదు. మిగతా రోజుల్లో వెళ్తే ఆ తలుపులకు తాళాలే!

వినాయక చవితికి అడగకముందే వెయ్యి తీసే ఒకాయన ఈరోజు యాభై ఇచ్చి, రసీదు మీద పేరు స్పష్టంగా రాయమన్నారు. ముత్యాల్లా రాశాను. వీధి చివర ఇస్త్రీ బండి అతను మాత్రం వివరాలేవీ అడగకుండా వంద తీసి ఇచ్చాడు. "మా ఊళ్లో వానలు పడకపోతే ఆడించేవాళ్లమ్మా, తెల్లవార్లూ. ఈసారైనా తొందరగా ఆపేయకండి" అన్నాడు.

ఆ 'ఈసారైనా'కు నా దగ్గర జవాబు లేదు. పోయిన ఏడు వసూలైంది 18,200. ఫ్లెక్సీలు, శాలువలు, జ్ఞాపికలు, అతిథుల ఫలహారాలు పోగా బొమ్మలు ఆడించినవాళ్ల చేతిలో పడింది 6,000. వ్యాను బాడుగ కూడా అందులోంచే. అంతరించిపోతున్న కళల మీద గంటన్నర ఉపన్యాసాలు నడిచాయి. ఆటకు మిగిలింది నలభై నిమిషాలు. నేనూ ఏమీ తక్కువ తినలేదు. 500 ఇచ్చి, కళను ఉద్ధరించానన్న తృప్తితో సీరియల్ వేళకు ఇంటికి వచ్చేశాను.

అందుకే ఈసారి పుస్తకం పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేనే తీసుకున్నాను. శాలువలు వద్దు, ఉపన్యాసాలు వద్దు అని ముందే షరతు పెట్టాను. అధ్యక్షులవారు ముఖం మాడ్చుకుని, "సన్మానం చేయకపోతే వాళ్లు నొచ్చుకోరూ?" అన్నారు. అదేదో వాళ్లనే అడుగుదామని ఫోను చేశాను. "శాలువలు పెట్టె నిండా ఉన్నాయమ్మా, బాడుగ డబ్బులు ముందే పంపితే చాలు" అన్నారు పెద్దాయన.

మూడింటికి వ్యాను వచ్చింది. పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, కోడలు, పదేళ్ల మనవరాలు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మరాఠీ కలిసిన మాట, తెర దగ్గర పాడేది తెలుగు పద్యం. డిగ్రీ చదివే కుర్రాళ్లిద్దరు గుంతలు తవ్వి వెదుళ్లు పాతారు. ఎదురింటి వదినా నేనూ తెర కోసం తెల్ల పంచెలు కలిపి కుట్టాం. నా కుట్టు వంకర పోతే కోడలు నవ్వి, విప్పి, మళ్లీ కుట్టుకుంది. నా సేవ వల్ల ఆ అమ్మాయికి పని రెట్టింపయింది.

పెట్టెలోంచి మనవరాలు హనుమంతుణ్ణి తీసింది. దాదాపు తనంత బొమ్మ. కింద పరిచినప్పుడు ఎండిన తోలుముక్క, అంతే. ఎండకు ఎత్తి పట్టగానే ఒంటి మీద నగలన్నీ వెలిగాయి. నగలంటే చిల్లులే. మేకతోలును శుభ్రం చేసి, పలుచగా ఆరబెట్టి, ఉలితో ఒక్కో చుక్కా కొట్టి, రెండువైపులా రంగు వేస్తారు. పాతబడిన బొమ్మను పారేయరట, నదిలో విడిచిపెడతారట. వాళ్ల ఊళ్లోనే బొమ్మలాడించే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. "ఇప్పుడు ఊరి పేరు చెబితే గుర్తుపడుతున్నారు. ఇల్లు గడిచేది మాత్రం తోలుతో చేసే దీపాల గుమ్మటాల మీదే" అన్నాడు పెద్దకొడుకు.

ఏడున్నరకు ఆట మొదలైంది, సుందరకాండ. అంతకుముందే నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడూ బంగారక్కా జగడమాడుకుంటూ తెర మీదికొచ్చారు. మధ్యాహ్నం టీ తాగుతూ కాలనీ కబుర్లు అడిగితే నోరు జారాను, నాదే తప్పు. "యాభై రూపాయలిచ్చి పేరు గుడిగోపురమంత రాయించుకున్నావట కదరా!" అని బంగారక్క పోలిగాణ్ణి కడిగేసింది. పార్కంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ యాభై ఆయనే. తెలిసి నవ్వారో, తెలియక నవ్వారో!

సీతమ్మ గొంతు పెద్దావిడది. ఆ వయసులో ఆ గొంతు ఎక్కడ దాచుకుందో. లంక తగలబడేటప్పుడు కొడుకులిద్దరూ కాళ్ల కింది చెక్కలను తొక్కిన చప్పుడుకు ముందు వరుస పిల్లలు లేచి నిలబడ్డారు.

తొమ్మిదిన్నర నుంచి కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. నేనూ రెండుసార్లు గడియారం చూశాను, అబద్ధమెందుకు. మంగళహారతి వేళకు లెక్కపెడితే 31 మంది. బండి సర్దుకుని ఆలస్యంగా వచ్చిన ఇస్త్రీ అతను అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా నేల మీదే కూర్చున్నాడు, తలపాగా ఒళ్లో పెట్టుకుని.

బొమ్మలను తెరకు గుచ్చేది ఈతముళ్లతో. ఒక్కొక్కటే పీకి డబ్బాలో వేసుకున్నారు. గడ్డిలో పడినవి ఫోను వెలుతురులో నేనూ మనవరాలూ ఏరాం, పొద్దున పిల్లలు చెప్పులు లేకుండా పరుగెత్తుతారని. తొమ్మిది దొరికాయి.

లెక్క: వసూలు 14,350. బాడుగ 2,200, దీపాలూ మైకూ 1,500, వదిన వండిన భోజనాల సరుకులు 900, వాళ్లకు 9,000. మిగిలింది 750.

వ్యాను ఎక్కుతూ పెద్దాయన, "యుద్ధకాండకు రెండు రాత్రులు కావాలమ్మా" అన్నారు. అడిగి చెబుతానన్నాను. ఆ 750 కవరులో పెట్టి, పైన 'యుద్ధకాండ' అని రాశాను. రేపు అధ్యక్షులవారికి చెప్పాలి.