ఇటలీలో మా ఆస్తి: ఒక తియ్యటి నురగ వైన్‌తో నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, నేను వైన్ నిపుణురాలిని కాదు. ఆరేళ్ళ కిందట మా ఆయన ఉద్యోగం కోసం టూరిన్ వచ్చేదాకా వైన్ అంటే సినిమాల్లో విలన్ చేతిలో ఉండే ఎర్ర గ్లాసు అనే అనుకునేదాన్ని. వచ్చిన రెండో వారమే ఆయన ఆఫీసు వాళ్ళు భోజనానికి పిలిచి, కొత్తవాళ్ళం కదా అని గౌరవంగా బరోలో అనే ఎర్ర వైన్ పోశారు. ఈ పీమోంటే ప్రాంతానికి అది తలమానికం, నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసి మూడేళ్ళకు పైగా నిల్వ పెట్టాకే అమ్మాలని రూలు కూడా ఉంది. నాకు మాత్రం పచ్చి వక్క నమిలినట్టు నాలుకంతా పట్టేసింది. అందరూ నా మొహమే చూస్తున్నారు. "చాలా బాగుంది" అన్నాను. బాగుందన్నాను కదా అని ఇంకో సగం గ్లాసు పోశారు.

ఆ తర్వాత ఏడాది పాటు ఎవరింటికి వెళ్ళినా నాకు నీళ్ళే. ఇక్కడ భోజనాల దగ్గర నీళ్ళు మాత్రమే తాగేవాళ్ళని ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూస్తారు, పైగా ప్రతిసారీ ఏదో ఒక సాకు చెప్పాలి. పోనీ తియ్యగా ఉండేదేదన్నా దొరుకుతుందేమోనని నేనే ఒక రోజు సూపర్ మార్కెట్‌లో నురగ వైన్ల అర ముందు నిలబడ్డాను. ఒక ప్రొసెక్కో సీసా మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంది, పక్కదాని మీద బ్రూట్ అని ఉంది. డ్రై అంటే తీపి లేనిదని అప్పటికే తెలుసు కాబట్టి ఎక్స్‌ట్రా డ్రైలో అసలే ఉండదని లెక్కేసుకుని, చాలా తెలివిగా బ్రూట్ పట్టుకొచ్చాను. ఇంటికొచ్చి తాగితే నిమ్మకాయ సోడాలో ఉప్పూ చక్కెరా రెండూ మర్చిపోయినట్టుంది.

తర్వాత తెలిసింది, స్పుమాంటే అనే గట్టి నురగ వైన్ల లెక్కే అంత. లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటే బ్రూట్, 12 నుంచి 17 వరకు ఎక్స్‌ట్రా డ్రై, 17 నుంచి 32 దాకా ఉంటే ఉత్త డ్రై, ఆపైన డెమీ సెక్, 50 దాటితే డోల్చే. అంటే ఎక్స్‌ట్రా డ్రై కంటే డ్రై తియ్యగా ఉంటుందన్నమాట. ఈ పేర్లు పెట్టినవాళ్ళెవరో గానీ మా ఊరి రేషన్ షాపు వాళ్ళకంటే ఘనులు. మీకు నిజంగా తీపి కావాలంటే డ్రై, బ్రూట్ గొడవంతా వదిలేసి డోల్చే అనో అమాబిలే అనో ఉందేమో చూసుకోండి, చాలు.

నా సమస్య తీర్చింది మా కింది అంతస్తులో ఉండే ఎనభై దాటిన పెద్దావిడ. ఒక ఆదివారం మధ్యాహ్నం పిలిచి, హేజెల్‌నట్ కేకు కోసి పెట్టి, ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసింది. లేత గడ్డి రంగు. మూతకు తీగల బుట్ట లేదు, మామూలు బిరడానే. తీస్తే బుస్సుమనలేదు, చిన్నగా ఉఫ్ అంది అంతే. "మా చిన్నప్పుడు పండగ రోజు మా నాన్న మాకూ ఒక వేలెడు పోసేవాడు, భయపడకు" అని సగం గ్లాసు పోసింది. మూతి దగ్గర పెట్టుకోగానే ద్రాక్షపండు వాసన. మీకు నవ్వొస్తుందేమో గానీ వైన్‌లో ద్రాక్ష వాసన రావడం అరుదు, మస్కట్ జాతి ద్రాక్షతో చేసినవాటిలోనే అది అంత స్పష్టంగా తెలుస్తుంది. దాని వెనకే నారింజ పువ్వు, మాగిన పీచ్ పండు, ఇంకేదో బాగా తెలిసిన వాసన, పేరు మాత్రం నోటికి రాలేదు. ఆ రాత్రి వంట చేస్తూ ధనియాలు దంచుతుంటే దొరికింది. ఊరికే అనిపించడం కాదు, లినలూల్ అనే వాసన పదార్థం రెండింట్లోనూ ఉంటుందట, ధనియాల నూనెలో ఎక్కువ భాగం అదే.

ఆ సీసా పేరు మోస్కాటో దాస్తి. మోస్కాటో అంటే ఆ మస్కట్ ద్రాక్షే, దాస్తి అన్నది ఆస్తి అనే ఊరి పేరు మీద వచ్చింది. వీడియో కాల్‌లో అమ్మకి "ఆస్తి వైన్ తాగినం" అని చెబితే "ఆస్తి కొన్నరా? ఎన్ని గుంటలు బిడ్డా?" అంది. ఇప్పటికీ మా ఇంట్లో దాని పేరు ఆస్తే.

అక్కడితో అయిపోయిందనుకోకండి. దుకాణంలో ఆస్తి అని ఒకటి, మోస్కాటో దాస్తి అని ఒకటి పక్కపక్కనే పెడతారు. రెండూ అదే తెల్ల మస్కట్ ద్రాక్షతో, అవే కొండల మీద పండినవాటితోనే చేస్తారు, కానీ వేరు వేరు సరుకులు. ఆస్తి స్పుమాంటేలో నురగ ఎక్కువ, ఆల్కహాల్ మామూలుగా ఏడు శాతం అటూఇటూ, షాంపేన్ లాగా బిరడా మీద తీగ బుట్ట. మోస్కాటో దాస్తిలో గ్యాస్ ఒత్తిడి 2.5 బార్ దాటకూడదు, ఆల్కహాల్ 4.5 నుంచి 6.5 శాతం మధ్య, అంటే బీరంత. ఈ తేడా తెలియక మొదటిసారి ఆస్తి కొని, పెద్దావిడ తీసినట్టే ధీమాగా బిరడా తిప్పితే అది వెళ్ళి ట్యూబ్‌లైట్‌కి తగిలింది. 2017 నుంచి ఆస్తి సెక్కో అని తీపి లేనిది కూడా అమ్ముతున్నారు, తొందరలో అది తెచ్చుకుని మా ఫ్రెండ్ ఒకావిడ నన్ను తిట్టింది.

ఇక నా ఘనకార్యం. మా పాప పుట్టినరోజుకి పది మందిని పిలిచాం, అందులో నలుగురు మనవాళ్ళే, ఇక్కడి పాలిటెక్నిక్ యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలు. సీసాలు చల్లబెట్టడం మర్చిపోయాను. మూడింటికి గుర్తొచ్చి రెండు సీసాలు ఫ్రీజర్‌లో పెట్టి, అరగంటలో తీస్తాలే అనుకున్నాను. పులిహోర తాలింపు, బెలూన్లు, కేకు టెన్షన్, అవన్నీ అయ్యేసరికి ఆరున్నర. ఫ్రీజర్ తలుపు తీస్తే ఒక బిరడా పచ్చిబఠానీల ప్యాకెట్ పక్కన పడి ఉంది, సీసా మూతిలోంచి పసుపుపచ్చని మంచు వత్తిలాగా రెండంగుళాలు బయటికొచ్చింది, రెండో సీసా అడుగు పగిలి గాజుముక్కలు గోంగూర పచ్చడి డబ్బాకి అతుక్కుపోయాయి. ఆల్కహాల్ అయిదు శాతమే కదా, ఎంచక్కా గడ్డ కట్టేసింది, మంచు వ్యాకోచిస్తే పట్టి ఉంచడానికి తీగ కూడా లేదాయె. ఆ గోంగూర అమ్మ పంపింది. మొత్తం పారేయాల్సొచ్చింది. వైన్ కంటే దానికే ఎక్కువ ఏడ్చాను. మీరు మామూలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు పెట్టండి, లేదా బకెట్‌లో ఐసూ నీళ్ళూ కలిపి ఇరవై నిమిషాలు. ఎనిమిది డిగ్రీల దగ్గర బాగుంటుంది. అంతకంటే వెచ్చబడితే పానకం అయిపోతుంది.

ఆ తర్వాతి సెప్టెంబర్‌లో మా ఆయన కొలీగ్ కారులో కనెల్లి వెళ్ళాం. టూరిన్ నుంచి గంటంబావు. కొండల మీదంతా దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరసలు, కొన్ని చోట్ల ఎంత నిటారుగా ఉన్నాయంటే మనుషులే ఎక్కి చేత్తో కోయాలి, యంత్రం నిలబడదు. ఈ లాంగే, రోయెరో, మోన్‌ఫెర్రాతో ద్రాక్షతోటల ప్రాంతాన్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఇటలీలో మొదటి నురగ వైన్ పుట్టింది కూడా కనెల్లిలోనే. కార్లో గాంచా అనే ఆయన ఫ్రాన్స్‌లోని రైమ్స్ వెళ్ళి షాంపేన్ పని నేర్చుకొచ్చి 1865లో మోస్కాటోతో చేశాడు. ఊరి కింద కొండలో తొలిచిన సొరంగాల్లో సీసాలు పేర్చేవారు, వాటిని భూగర్భ కేథడ్రల్స్ అంటారు. లోపల నిజంగా గుడి మండపంలో నిలబడ్డట్టే ఉంది, చలికి పళ్ళు టకటకలాడాయి.

నాకు మాత్రం బాగా నచ్చింది ఆ సొరంగాలు కాదు, ఊరి బయట ఒక చిన్న కుటుంబం నడుపుకునే చోటు. పెద్ద స్టీలు ట్యాంకులు, వాటి ఒంటి మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు, కొన్నింటి మీద సన్నగా మంచు. ఆ ఇంటాయన ఒక కుళాయి తిప్పి రసం పోసిచ్చాడు, అప్పుడే పిండింది, ఇంకా పులవనిది. తేనె తాగినట్టుంది. ఆ రసాన్ని సున్నా డిగ్రీల దగ్గర నిల్వ పెట్టి, ఏడాది పొడుగునా ఆర్డర్లను బట్టి కొంచెం కొంచెం పులవబెడతారట. మూసిన ట్యాంకులో ఈస్ట్ చక్కెరను తింటూ ఆల్కహాల్ చేస్తుంది, గ్యాస్ బయటికి పోలేక ద్రవంలోనే కరుగుతుంది. అయిదు శాతం వచ్చిందా, వెంటనే ట్యాంకును బాగా చల్లబరిచి ఈస్ట్‌ను నిద్రపుచ్చి వడకట్టేస్తారు. సగానికి పైగా చక్కెర అలాగే మిగిలిపోతుంది. బయటినుంచి ఒక్క చెంచా కూడా కలపరు. ఇలా ట్యాంకులో నురగ పుట్టించే పద్ధతి ఆస్తిలోని వైన్ పరిశోధన సంస్థలో పనిచేసిన ఫెదెరికో మార్తినొత్తి 1895లో కనిపెట్టాడు, తర్వాత షార్మా అనే ఫ్రెంచాయన దాన్ని మెరుగుపరిస్తే ప్రపంచం ఆయన పేరే ఎక్కువ వాడుతోంది. ఆ ఇంటాయన మాత్రం షార్మా అన్న మాటే నోట్లోంచి రానివ్వలేదు.

ఆయన అలా చెబుతుంటే నాకు నల్గొండ దగ్గర మా ఊరు గుర్తొచ్చింది. చలికాలం పొద్దున్నే దించిన ఈత కల్లు, లొట్టి మీద తెల్లటి నురగ, మా తాత తాటాకు రేకలో పోసి నాకూ ఒక గుటక ఇచ్చేవాడు. ఏడింటికి తియ్యగా, నాలుక మీద చిటపటలాడుతూ ఉండేది. ఎండెక్కేసరికి పులిసి, మధ్యాహ్నానికి కల్లు మండువలో కూర్చునేవాళ్ళకే పనికొచ్చేది. మన కల్లులో ఆ ఏడింటి రుచి అరగంట కూడా ఆగదు. వీళ్ళు ఆ గడియారాన్ని ఆపేసి సీసాలో పెట్టారు. ఇది ఆయనకి నా వచ్చీరాని ఇటాలియన్‌లో చెప్పాను. ఏం అర్థమైందో గానీ ఇంకో గ్లాసు పోశాడు.

అయితే ఆ గడియారం శాశ్వతంగా ఆగదు. మా మరిది పెళ్ళికి దాచిపెడదామని ఒక మంచి సీసా రెండేళ్ళు బీరువాలో ఉంచాను, పాతబడితే విలువ పెరుగుతుందనే భ్రమ. తీస్తే రంగు తేనెలా మారి, వాసన పోయి, బెల్లం నీళ్ళు మిగిలాయి. మోస్కాటో సీసా మీద కోత ఏడాది రాసి ఉంటుంది, కిందటేడాదిది తీసుకోండి, ఆ ఏడాదిలోనే తాగేయండి.

తిండి సంగతి. స్వీట్లతో అనగానే ఉగాదికి బొబ్బట్లతో పెట్టాను. దండగ. బొబ్బట్టు తీపి ముందు వైన్ పుల్లగా, పల్చగా అయిపోయింది, గులాబ్ జామూన్‌తో ఇంకా ఘోరం. వైన్ కంటే తక్కువ తీపి ఉన్నవే కావాలి: హేజెల్‌నట్ కేకు, ఖర్బూజా ముక్కలు, క్రిస్మస్‌కి పానెత్తోనే అనే కేకు. అసలు మజా మాత్రం మిరపకాయ బజ్జీతో. ఆల్కహాల్ ఎక్కువున్న ఘాటు వైన్ తాగితే మిరప మంట ఇంకా పెరుగుతుంది, ఇది దాన్ని ఆర్పుతుంది, నురగ నూనెని కడిగేస్తుంది. పెద్దావిడకి ఒక బజ్జీ ఇస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మూడు తింది.

ఎర్రవాటిలో బ్రకెట్టో దాక్వీ కూడా ఇలాంటిదే, గులాబీ, స్ట్రాబెర్రీ వాసన, చాక్లెట్‌తో బాగుంటుంది. ఎమీలియా అనే ప్రాంతం వైపు లాంబ్రుస్కో అనే ఎర్ర నురగ వైన్ ఉంది గానీ అక్కడివాళ్ళు ఎక్కువగా తాగేది తీపి లేనిదే, అమాబిలే అని చూసి తీసుకుంటే కోడి వేపుడుకి జోడీ. నన్నడిగితే మోస్కాటో తర్వాతే ఏదైనా. జ్యూస్ తాగుతున్నావని మా ఆయన ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తారు, చేసుకోనీ. ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు, లీటరుకు దాదాపు 120 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే వంద మిల్లీలీటర్లకి మూడు చెంచాలు. తేలిక కదా అని సీసా లేపేసి కారెక్కడం, షుగర్ ఉన్నవాళ్ళు గ్లాసులు గ్లాసులు తాగడం రెండూ కుదరవు.

నాన్నకి షుగర్ ఉంది. అయినా మొన్న సంక్రాంతికి రెండు సీసాలు పాత నూలు చీరలో చుట్టి చెకిన్ సూట్‌కేసులో తెచ్చాను. మనిషికి రెండు లీటర్ల దాకా కస్టమ్స్ సుంకం ఉండదు, రెండూ కలిపి లీటరున్నరే. శంషాబాద్‌లో బెల్టు మీద సూట్‌కేసు వచ్చేదాకా మాత్రం ప్రాణం గిలగిల్లాడింది. భోజనాలయ్యాక నాన్నకి టీ గ్లాసులో రెండు గుటకలంత పోశాను. కొంచెంసేపు నోట్లోనే పెట్టుకున్నాడు.

"పొద్దటి కల్లే గదనే ఇది" అన్నాడు. "మరి రేపటికి పులుస్తదా?"

పులవదు నాన్నా, ఈస్ట్ తీసేస్తారు అన్నాను. నమ్మలేదు. మిగిలిన సీసాకి ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు వేసి ఫ్రిజ్ తలుపులో నిలబెట్టాడు. మర్నాడు ఆరింటికి నేను లేచేసరికి వంటింట్లో లైటు వేసి ఉంది, చేతిలో అదే టీ గ్లాసు, అడుగున చెంచాడు వైన్.

"పొంగు పోయింది గానీ, పులవలేదే" అన్నాడు.