గాలిలో డ్రమ్స్: దెబ్బ పడుతుంది గానీ స్టిక్ తిరిగి లేవదు

ఎయిర్ డ్రమ్స్ (అసలు డ్రమ్స్ లేకుండా, సెన్సర్లతోనో కెమెరాతోనో గాలిలో స్టిక్ ఊపి మోగించేవి) అనగానే అందరూ లేటెన్సీ, అంటే దెబ్బకూ చప్పుడుకూ మధ్య ఆలస్యం, గురించే అడుగుతారు. దాన్ని చాలావరకు సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది రీబౌండ్, అంటే దెబ్బ పడ్డాక స్టిక్ తిరిగి ఎగరడం.

స్నేర్ (వాయించేవారి ముందు ఉండే చిన్న డ్రమ్) మీద స్టిక్ పడగానే హెడ్ (పైన బిగించిన పొర) దాన్ని పైకి తన్నేస్తుంది. ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు వేసే డబుల్ స్ట్రోక్ రోల్ నడిచేదే ఆ తన్నుడు మీద. మొదటి దెబ్బ మణికట్టుది, రెండోది రీబౌండ్‌ది, వేళ్లు కాస్త ఊతమిస్తాయి. గాలిలో తన్నేదేమీ లేదు. స్టిక్‌ను ఆపాల్సిందీ చెయ్యే, మళ్లీ పైకి తేవాల్సిందీ చెయ్యే. వేగం కాస్త పెంచగానే రెండో దెబ్బ మాయమవుతుంది, ముంజేయి బిగుసుకుపోతుంది. స్టిక్ పదేపదే ఎగిరితేనే వచ్చే బజ్ రోల్ సంగతి మర్చిపోవచ్చు.

స్టిక్‌కి బిగించే సెన్సర్‌లో గైరోస్కోప్ (తిరగడాన్ని కొలిచేది), యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పును కొలిచేది) ఉంటాయి. వేగంగా దిగుతున్న స్టిక్ ఠక్కున ఆగితే అది దెబ్బ కిందకు వస్తుంది, ఆ వేగాన్ని బట్టి 1 నుంచి 127 లోపు మిడి వెలాసిటీ (దెబ్బ బలాన్ని సూచించే అంకె) పడుతుంది. మెత్తగా ఊపి వదిలేస్తే ఏమీ మోగదు. ఇబ్బందంతా గోస్ట్ నోట్స్ (చాలా మెల్లగా వేసే దెబ్బలు)తోనే: థ్రెషోల్డ్ (దెబ్బగా లెక్కించే కనీస హద్దు) పెంచితే అవి వినపడవు, తగ్గిస్తే స్టిక్ ఎత్తినప్పుడు కూడా అడగని దెబ్బలు పడతాయి. బాగా తగ్గించి మొదలుపెట్టి, యాక్సెంట్లూ (గట్టి దెబ్బలు) గోస్ట్ నోట్సూ కలిసిన గ్రూవ్ (పదేపదే వచ్చే లయ) ఒకటి వాయిస్తూ, ఆ దొంగ దెబ్బలు ఆగేదాకా కొంచెం కొంచెంగా పెంచడం మేలు.

వాయిస్తూ ఉండగా స్నేర్ కొడితే హైహ్యాట్ (ఎడమవైపు ఉండే జంట తాళాలు) మోగడం మొదలైతే అది డ్రిఫ్ట్, అంటే సెన్సర్ లెక్క మెల్లగా పక్కకు జరిగిపోవడం. ఈ సెన్సర్లు చెయ్యి ఎక్కడుందో చూడవు, స్టిక్ ఎటు తిరిగి ఉందో లెక్కకడతాయి. పైకీ కిందికీ ఉన్న వాలుకు గురుత్వాకర్షణ ఆధారం దొరుకుతుంది. కుడి ఎడమలకు అలాంటి ఆధారం లేదు, గైరో చేసే చిన్న చిన్న తప్పులు కూడుతూ పోతాయి. పాటకీ పాటకీ మధ్య ఒకసారి సెంటర్ చేసుకోవాల్సిందే, అంటే ఎదురు ఏదో సెన్సర్‌కి మళ్లీ చూపించాల్సిందే. కెమెరాతో స్టిక్ చివరను గమనించే ఏరోడ్రమ్స్ అనే పరికరానికి ఈ బెడద లేదు. దాని పేచీ అంతా గదిలో వెలుతురుతో.

ఇక లేటెన్సీ. ధ్వని ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది, అంటే అసలు స్నేర్ చప్పుడు చెవికి చేరడానికే 2 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలస్యం 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలామందికి తేడా తెలియదు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఒక్కటే 100 దాటించేస్తాయి, కాబట్టి వైరు ఉన్నవే వాడాలి. కంప్యూటర్‌లో 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (ఒక్కసారికి పోగుచేసుకునే ధ్వని ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లు. చిటపటలు వినిపిస్తే 256కి వెళ్లండి. విండోస్‌లో ఏసియో డ్రైవర్ (ధ్వని ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) ఉంటే ఇది సులువవుతుంది.

కాళ్ల పరిస్థితి కొంత నయం, కింద నేల ఉంది. కానీ పెడల్ స్ప్రింగ్ లేదు, బీటర్ (పెద్ద డ్రమ్‌ను కొట్టే సుత్తి) బరువు లేదు. ఇక్కడ సులువుగా వచ్చేసిన డబుల్ కిక్ (కాలితో వెంటవెంటనే వేసే రెండు దెబ్బలు) అసలు పెడల్ మీద అలాగే వస్తుందని నమ్మొద్దు. కింది అంతస్తులో ఎవరైనా ఉంటే పాదాల కింద మందపాటి చాప వేయండి, స్టిక్ చప్పుడు లేకపోయినా మడమల చప్పుడు దిగుతుంది.

రూడిమెంట్స్ (చేతుల ప్రాథమిక అభ్యాసాలు)కి ప్రాక్టీస్ ప్యాడ్ పెట్టుకుని, పాట నిర్మాణం, చేతులూ కాళ్ల సమన్వయం గాలిలో సాధన చేస్తే రెండూ పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: సెన్సర్‌కి కోణమే ముఖ్యం కాబట్టి హైహ్యాట్ కోసం కుడిచేతిని ఎడమచేతి మీదుగా తేవాల్సిన పని పడదు. ఆ అలవాటుతో అసలు కిట్ ముందు కూర్చుంటే స్టిక్కులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. కాబట్టి గాలిలో వాయించేటప్పుడు కూడా కుడిచేతిని కాస్త ఎత్తులో, ఎడమచేతి మీదుగానే ఉంచండి.