అమలాపురంలో ఆరుగురు, నర్సాపురంలో ముగ్గురు: చింతపిక్కల పోకర్

సంక్రాంతికి రాజమండ్రిలో రైలు దిగి, కడియం నర్సరీలు చూసుకుంటూ, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెం మీదుగా అమలాపురం చేరేసరికి అత్తయ్య వాళ్ళింట్లో అరుగు మీద పేక పంచేస్తున్నారు. ఇదివరకు రమ్మీనే ఆడేవాళ్ళం, ఈసారి మరదలు ఇంటిల్లిపాదికీ లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ ఆట నేర్పించేసింది. డబ్బుల్లేవు, చింతపిక్కలే. ఎలాగూ డబ్బు పెడితే చట్టం ఒప్పుకోదు, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పోకర్‌ని కూడా ఆపేశారు. నాకైతే పిక్కలతో ఆడితేనే లెక్క మీద మనసు నిలుస్తుంది.

లిమిట్‌లో పందెం ముందే ఖాయం. చేతికి రెండేసి ముక్కలు పంచగానే, బల్ల మీద మూడు ముక్కలు తెరిచే ఫ్లాప్‌లో 2 పిక్కలు, నాలుగోది తెరిచే టర్న్‌లో, ఐదోది తెరిచే రివర్‌లో 4. ఎవరూ ఉన్నదంతా ముందుకు తోసి మనల్ని భయపెట్టలేరు, అందుకే ఇంకా పూర్తికాని చేతులు, అంటే డ్రాలు, ఎంతకి కొంటున్నామో కచ్చితంగా తెలిసిపోతుంది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే.

నాకు ఆఠీన్ ఆసు, ఆఠీన్ ఎనిమిది వచ్చాయి. ఆరుగురమూ 2 చొప్పున పెట్టాం, పాట్‌లో, అంటే మధ్యలోని కుప్పలో, 12. ఫ్లాప్‌లో ఆఠీన్ రాజు, ఆఠీన్ ఏడు, కళావర్ రెండు. ఒకరు పందెం వేశారు, ముగ్గురు అంతే పెట్టి కాల్ చేశారు, ఒకరు వదిలేశారు, చివర్లో నేను. 20 పిక్కల కోసం 2 పెట్టాలి. కనపడని ముక్కలు 47, అందులో ఆఠీన్లు 9, అంటే వచ్చే ముక్కకే ఫ్లష్, అంటే ఒకే గుర్తువి ఐదు ముక్కలు, సుమారు నాలుగుసార్లు పడకపోతే ఒకసారి పడుతుంది. పాట్ పదికి ఒకటి ఇస్తోంది. కాల్ చేయడానికి ఆలోచించక్కర్లేదు, కానీ నేను రైజ్ చేశాను.

"చేతిలో జత కూడా లేదు, ఎందుకు పెంచావు బావా?" అంది మరదలు.

ఎందుకంటే రివర్ దాకా చూస్తే ఈ ఫ్లష్ దాదాపు 35 శాతం సార్లు పడుతుంది, బల్ల మీద ఉన్నది ఐదుగురం, కొత్తగా వచ్చే ప్రతి 10 పిక్కల్లో నేను పెట్టేది 2 మాత్రమే. ఐదో వంతు పెట్టి మూడో వంతు పైగా హక్కు తెచ్చుకోవడం అన్నమాట. పైగా చివరి స్థానంలో ఉండి పెంచితే టర్న్‌లో అందరూ మనవైపు చూసి, పందెం వేయకుండా చెక్ చేస్తారు, అప్పుడు మనమూ చెక్ చేసి రివర్ ముక్క ఊరికే చూడొచ్చు. సరిగ్గా అదే జరిగింది, ఫ్లాప్‌లో అదనంగా పెట్టిన 2తో టర్న్‌లో 4 మిగిలాయి. రివర్‌లో ఆఠీన్ పడలేదు, పాట్ అత్తయ్యకి పోయింది. మళ్ళీ అదే చెయ్యి వస్తే మళ్ళీ అలాగే ఆడతాను.

ఆసు లేని చిన్న ఫ్లష్‌కి మాత్రం ఇంత ధైర్యం చెయ్యకూడదు, జనం ఎక్కువైనకొద్దీ పెద్ద ఫ్లష్ ఇంకొకరి దగ్గర ఉండే ప్రమాదమూ ఎక్కువే. స్ట్రెయిట్‌కి, అంటే వరుసగా ఐదు ముక్కలకి, రెండు వైపులా తెరిచి ఉన్నా, బల్ల మీద ఒకే గుర్తువి రెండు ముక్కలుంటే పనికొచ్చే 8 ముక్కల్లో 2 ఎదుటివాళ్ళకి ఫ్లష్ ఇవ్వొచ్చు కాబట్టి పనికిరానివే, 6 అనే లెక్కేసుకోవాలి. బల్ల మీద జత పడితే ఇంకా జాగ్రత్త, ఎదుటివాళ్ళకి ఫుల్‌హౌస్, అంటే ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు, అయిపోయి ఉండొచ్చు.

కనుమ వెళ్ళాక బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలు, అక్కణ్ణుంచి సఖినేటిపల్లి రేవు. పంటు మీద బైకులు, కొబ్బరి గెలలు, పండక్కి వచ్చి వెళ్తున్న కుటుంబాలు, వశిష్ఠ నిండుగా ఉంది, నర్సాపురం ఒడ్డు దగ్గరపడుతుంటే దిగాలనిపించలేదు.

నర్సాపురంలో పిన్ని, బాబాయి, నేను, ముగ్గురమే. ఆట పూర్తిగా మారిపోయింది. బాబాయి 4కి పెంచారు, పిన్ని ముక్కలు చూడకముందే పెట్టిన చిన్న బ్లైండ్ 1 వదిలేసింది, నేను తొమ్మిది, ఎనిమిదితో కాల్ చేశాను, పాట్‌లో 9. ఫ్లాప్‌లో రాణి, ఆరు, ఐదు, మూడూ వేర్వేరు గుర్తులు. బాబాయి 2 వేశారు. నాకు ఏడు పడితేనే స్ట్రెయిట్, అంటే 47లో 4, దాదాపు పదకొండుసార్లు పడకపోతే ఒకసారి పడుతుంది. పాట్ ఇస్తున్నది 11కి 2. ఏడు పడ్డాక టర్న్‌లో 4, రివర్‌లో 4 కూడా బాబాయి ఇస్తారనుకున్నా 19కి 2, అప్పటికీ చాలదు. పందేనికి హద్దు లేని నో లిమిట్ అయితే ఆయన పిక్కలన్నీ లాగొచ్చన్న ఆశైనా ఉండేది, ఇక్కడ ఆ ఆశకీ హద్దుంది. వదిలేశాను.

"ఒక్క ముక్క చూడాల్సిందిరా, 2 పిక్కలే కదా!" అన్నారు బాబాయి. నిజమే, కానీ అలాంటి 2 పిక్కలు సాయంత్రానికి గుప్పెడవుతాయి.

ఆ రోజంతా ఇద్దరి మధ్య డ్రాల కంటే జతలకే విలువిచ్చి ఆడాను. దీపాలు పెట్టాక పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు, పెంచకుండా అందరూ కాల్ చేసేవాళ్ళే, ఇక ఆసుతో ఒకే గుర్తు ముక్కలొస్తే ఒక్కటీ వదల్లేదు.