సున్నా రాసి ఉన్న గడి

మూడో ఏడాది వార్షిక సమీక్షలో అధ్యాయాల గురించి అడుగుతారని రాత్రంతా సిద్ధపడి వెళ్తే, ముందుగా ఖర్చుల పట్టిక గురించి అడిగారు. ఇక్కడ ఇంగ్లండులో పీహెచ్‌డీ విద్యార్థి పని ఎంతవరకు వచ్చిందో ఏటా ఒకసారి గైడు కాని అధ్యాపకులు కూర్చుని పరిశీలిస్తారు. ఆ రోజు నా ఎదుట ఉన్న ఆవిడ పత్రంలో పరిశోధన సహాయ నిధి అన్న చోట వేలు పెట్టి, మూడేళ్లుగా ఈ గడిలో సున్నాయే ఎందుకుందని అడిగారు. లండన్ ప్రయాణాలు నా స్టైపెండులోనే సర్దుకున్నానని, ఆ డబ్బు ముట్టుకోవలసిన అవసరం రాలేదని కాస్త గర్వంగానే చెప్పాను. ఆవిడ మెచ్చుకోలేదు. నా మూడో అధ్యాయం తెరిచి, ఇందులో అచ్చయిన నివేదికలే తప్ప అసలు ఉత్తరాలు ఎందుకు లేవో ఇప్పుడు అర్థమైందని, ఆ డబ్బు ఈ అధ్యాయానికి ఇచ్చినదని, దాన్ని దీనికి అందకుండా ఆపానని నెమ్మదిగానే అన్నారు.

నెల గడిచినా ఆ మాట నన్ను వదలలేదు. నా పరిశోధన 1847లో ధవళేశ్వరం దగ్గర మొదలైన ఆనకట్ట మీద, దానికి రాళ్లు మోసిన కూలీల మీద. కంపెనీ కాలపు కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. రాత్రి బస్సెక్కి, తెల్లవారకముందే విక్టోరియా కోచ్ స్టేషన్‌లో దిగి, లైబ్రరీ తెరిచేదాకా ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చునేదాన్ని. చదువుకునే గదిలోకి పెన్ను తీసుకుపోనివ్వరు. పెన్సిలు, నోటుపుస్తకం బయటికి కనిపించే ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెళ్లాలి. నిద్రలేని కళ్లతో పందొమ్మిదో శతాబ్దపు గొలుసుకట్టు రాత చదవడం ఎలా ఉంటుందో ఆ పని చేసినవారికి తెలుసు. మధ్యాహ్నం మూడయ్యేసరికి అక్షరాలు అలుక్కుపోయేవి, సాయంత్రానికి మళ్లీ బస్సు. ఒక రాత్రి అక్కడ ఉండిపోతే అయ్యే ఖర్చు దండగని అనుకున్నాను.

ఆ టికెట్ల కోసం ట్యుటోరియల్ క్లాసులు కూడా చెప్పాను. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, పీహెచ్‌డీ వారికి వేసవి సెలవులంటూ వేరే ఉండవు కనుక ఆ హద్దు దాదాపు ఏడాది పొడవునా ఉంటుంది. పరిశోధన కోసం ఇచ్చిన డబ్బును పక్కన ఉంచి, పరిశోధన చేయవలసిన గంటలను క్లాసులకు ఇచ్చి అదే డబ్బు సంపాదించుకున్నానని సమీక్ష జరిగిన రాత్రి కాగితం మీద లెక్క వేసుకుంటే గాని నాకు కనిపించలేదు.

ఎందుకలా చేశానంటే, మన దగ్గర ఎంఫిల్ చేసినవారికి పెద్దగా చెప్పనక్కరలేదు. పరిశోధన ఖర్చులు రాబట్టుకునే కంటింజెన్సీ బిల్లు మీద గైడు సంతకం, హెడ్డు సంతకం, ఆపైన అకౌంట్స్ సెక్షను చుట్టూ ప్రదక్షిణలు అయ్యాక, ఆ డబ్బు వదులుకోవడమే మర్యాద అనిపిస్తుంది. మన దగ్గర యూజీసీ ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలైంది. అది చిన్న మొత్తమేమీ కాదు. అయినా డబ్బు అడిగే చోట తల వంచుకుని నిలబడడం అలవాటైనవాళ్లం, సముద్రం దాటినా ఆ అలవాటును వెంట తెచ్చుకున్నాం.

ఇంత మాత్రానికే మన పద్ధతి చెడ్డదంటే నేను ఒప్పుకోను. ఎంఫిల్ రోజుల్లో జ్వరంతో రెండు రోజులు డిపార్టుమెంటుకు వెళ్లకపోతే, మూడో రోజు పొద్దున్నే మా సారు హాస్టలుకు మనిషిని పంపారు. నేను ఆయన్ని అడగలేదు, ఏ పత్రమూ నింపలేదు. ఇక్కడ నా గైడు ఎంతో మంచి మనిషి, కాని నేను ఈమెయిలు రాసేదాకా ఎదురు చూస్తారు. నా గదిలోకి తొంగి చూడడం నా స్వేచ్ఛకు అడ్డు రావడమని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతారు. మొదటి శీతకాలంలో ఆ మర్యాద నాకు చాలా చల్లగా తగిలింది.

అయితే అదే హాస్టల్లో, గైడుకు కోపం వచ్చి సంతకం పెట్టకపోతే ఆరు నెలలు ఫెలోషిప్ ఆగిపోయిన స్నేహితురాలూ ఉంది. మా సారు మనిషిని పంపడం నా అదృష్టం. ఆమెకు ఆ అదృష్టం లేదు, పట్టుకోవడానికి నియమమూ లేదు. ఇక్కడ సాయం మనిషి మంచితనం మీద ఆధారపడకుండా కాగితం మీద రాసి ఉంటుంది. పీహెచ్‌డీ విద్యార్థికి ఏటా కనీసం రెండు వారాల శిక్షణ ఉండాలని 2002లో ఇక్కడి ప్రభుత్వం కోసం సర్ గారెత్ రాబర్ట్స్ రాసిన నివేదిక చెప్పింది. రాయడంలో, బోధనలో, గణాంకాల్లో శిక్షణ తరగతులు ఆ తర్వాత విస్తరించాయి. ప్రభుత్వ పరిశోధన మండళ్ల స్టైపెండు 2024-25లో కనీసం 19,237 పౌండ్లు, దాని మీద పన్ను లేదు. 2021 నుంచి మావంటి విదేశీయులకూ, చేరేవారిలో 30 శాతం మించకుండా, ఇస్తున్నారు. జబ్బు చేస్తే డాక్టరు చీటీ చూపిస్తే కొన్ని వారాల వరకు స్టైపెండు ఆపరు. ఇవన్నీ ఉన్నాయి, కాని వీటిలో ఏదీ దానంతట అది తలుపు తట్టదు. అడగందే అమ్మైనా పెట్టదని సామెత చెప్పుకునే మనమే, ఇంట్లో అడిగే పిల్లకంటే అడగని పిల్లనే బుద్ధిమంతురాలని మెచ్చుకుంటూ పెంచుతాం.

జూలై 31తో మా విశ్వవిద్యాలయంలో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. దానికి ముందు దరఖాస్తు రాశాను. మొదటి ప్రతి పేజీ నిండా ఉంది: నా పరిస్థితి, ముందుగానే కృతజ్ఞతలు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ. ఆఫీసులో ఉద్యోగిని చదివి, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని రోజులు అన్నవి చాలునని, మిగతాది తీసేయమని చెప్పారు. కృతజ్ఞత మీద గీత కొడుతుంటే నా చెయ్యి రాలేదు. మూడు వాక్యాలు మిగిలాయి. వాటికే వారంలో అనుమతి వచ్చింది. టికెట్టు, బస వాళ్లే బుక్ చేశారు.

ఈసారి లండన్‌లో వరుసగా నాలుగు రోజులు కూర్చున్నాను. మొదటి రోజు ఒక గుమాస్తా రాత అసలు లొంగలేదు. రెండో రోజుకు అతను ఏ అక్షరాన్ని ఎలా వంచుతాడో తెలిసింది. మూడో రోజు ఆగకుండా చదవగలిగాను. ఒక్క పగటికి వచ్చి పోయిన మూడేళ్లలో ఆ మూడో రోజు నాకు ఎన్నడూ దొరకలేదు.

మొన్న శుక్రవారం మా గదిలో కొత్తగా చేరిన తెలుగమ్మాయి ఎడిన్‌బరోలో ఒక సదస్సులో పేపరు చదవడానికి వెళ్తున్నానంది. నిధి పత్రం నింపావా అని అడిగాను. "ఎందుకులే అక్కా, బస్సు టికెట్టే కదా, నేనే పెట్టుకుంటాను" అంది. పత్రం ప్రింటు తీసి, ఎంత కావాలో రాయవలసిన గడి పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టి తన బల్ల మీద ఉంచాను. సోమవారం వెళ్లి చూస్తే అది అక్కడే ఉంది, గడి ఖాళీగానే ఉంది.