ఫ్యాటీ లివర్ నాది, మారింది మా ఇంటి వంట

నాకు ఎక్కడా నొప్పి లేదు, అసలు సమస్యే అది. లివర్ జబ్బు అంటే కళ్ళు పచ్చబడాలి, వాంతులు కావాలి, మందు తాగే అలవాటు ఉండాలి అనుకుంటాం కదా, నాకు అవేవీ లేవు. ఉన్నదల్లా అలసట. కోఠిలో ఆఫీసు అయ్యాక సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగి బాగ్‌లింగంపల్లిలో ఇల్లు చేరేసరికి ఒళ్ళంతా పిండేసినట్టు ఉండేది, నలభై దాటాయి కదా, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఇట్లనే ఉంటది అని సరిపెట్టుకునేదాన్ని. ఇంకోటి మెడ. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా అయ్యింది. అత్తమ్మ శనగపిండిలో పెరుగు కలిపి నలుగు పెట్టుకోమన్నది, నిమ్మచెక్కతో రుద్దమని మా వదిన చెప్పింది, ఎంత రుద్దినా మంట పుట్టిందే తప్ప నలుపు పోలేదు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉండి కూడా సరిగ్గా పనిచేయనప్పుడు చర్మం మీద కనిపించే గుర్తు అని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మీ ఇంట్లో పిల్లలకైనా పెద్దలకైనా మెడ, చంకలు ఇట్ల నల్లబడుతుంటే దయచేసి రుద్దడం ఆపి ఒకసారి షుగర్ టెస్ట్ చేయించండి.

2025 సంక్రాంతి తర్వాత ఆఫీసులో హెల్త్ చెకప్ పెడితే బయటపడింది. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 86, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. బరువు 78 కిలోలు, ఎత్తు అయిదు అడుగుల ఒక అంగుళం. నాకు మొదట భయం కంటే ఉక్రోషం వచ్చింది, జీవితంలో మందు ముట్టని దాన్ని నాకు లివర్ జబ్బేంది అని. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, ఇది మందు వల్ల వచ్చేది కాదు, ఖర్చు కాని పిండిపదార్థం, చక్కెర అంతా లివర్‌లో కొవ్వుగా మారి అక్కడే పేరుకుంటది, అందుకే 2023లో దీని పేరు కూడా మార్చి మెటబాలిక్ జబ్బుల, అంటే ఒళ్ళు తిండిని వాడుకునే తీరులో వచ్చే జబ్బుల లెక్కలో పెట్టారు అని. మన భారతీయులకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 23 దాటితేనే బరువు ఎక్కువ అని లెక్క, 25 దాటితే ఊబకాయం, నాది 32. ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటొద్దు అంట. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మంలో ఉంది, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్.

మందులు ఏమైనా రాస్తారా అని అడిగితే ఉన్న బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతది, 7 నుంచి 10 శాతం తగ్గితే లోపలి వాపు కూడా తగ్గుతది, ముందు ఆ పని చేయండి అన్నది. అంటే నాకు అయిదున్నర నుంచి ఎనిమిది కిలోలు. వారానికి అర కిలో చాలు, ఉపవాసాలు చేసి ఒక్కసారిగా తగ్గొద్దు, పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, ఎవరో ఇచ్చిన పొడులు, కషాయాలు అస్సలు తాగొద్దు, వాటితో లివర్ పాడై వచ్చినవాళ్ళని చూస్తూనే ఉంటాను అన్నది. మా బంధువుల్లో ఒకరు అప్పటికే బరువు తగ్గడానికని షేక్ పొడి డబ్బా ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టి పోయారు, దాన్ని అట్లనే తిరిగి ఇచ్చేశాను.

ఎనిమిది కిలోలు వినడానికి ఎంత చిన్నగా ఉందో! కానీ ఇంట్లో అయిదుగురం, నేను, మా ఆయన, అత్తమ్మ, పదో తరగతి పాప, ఆరో తరగతి బాబు. మొదట్లో నాకు వేరే వంట. పొద్దున వాళ్ళకి పూరీ ఒత్తి ఇచ్చి నేను ఓట్స్ తినాలి, రాత్రి వాళ్ళకి చికెన్ ఫ్రై చేసి నేను ఉడకబెట్టిన కూరగాయలు తినాలి. ఒక పూట ఓకే, ఒక వారం ఓకే, ఆఫీసులో ఆడిట్ వచ్చినప్పుడు, పాపకి ప్రీఫైనల్స్ అప్పుడు, బాబుకి జ్వరం వచ్చినప్పుడు రెండు వంటలు ఎవరు చేస్తారు? ముందు పోయేది నా వంటే. మళ్ళీ సోమవారం మొదలుపెట్టడం, మళ్ళీ ఎవరిదో పుట్టినరోజు రావడం. పైగా పిల్లలు వదిలేసిన ముద్దలు, సగం దోశ, అడుగున మిగిలిన పప్పన్నం ఇవన్నీ పారేస్తే పాపం అని గిన్నెలు కడిగే ముందు నోట్లోకే పోయేవి, ఇది తల్లులందరికీ తెలుసు, ఏ డైట్ చార్ట్‌లోనూ రాయరు. ఇక అత్తమ్మ ప్రేమ. ఆమెకి పదిహేనేళ్ళుగా షుగర్, అయినా నేను తక్కువ తింటే ఆమెకి గుండె చివుక్కుమనేది, "గింత తింటే నీకు బలం ఎక్కడిదే బిడ్డా, ఒక్క ముద్ద పెట్టుకో" అని నెయ్యి వేసి మరీ పెట్టేది.

మోటివేషన్ గురించి వీడియోలు మస్తు చూశాను. అద్దం ముందు నిలబడి చెప్పుకోండి, గోల్ గోడ మీద రాసుకోండి అని. వాళ్ళు చెప్పేది తప్పని కాదు గానీ, పొద్దున అయిదున్నరకి లేచి రాత్రి పదకొండుకి పడుకునే మనిషి మనసులో ఆ ఉత్సాహం సాయంత్రం దాకా మిగలదు, అలసిపోయిన మనిషి ఎదురుగా ఏముంటే అది తింటుంది. అందుకే ఎదురుగా ఉండేదాన్ని మార్చాలి, అంటే ఇల్లంతా తినేదాన్నే మార్చాలి, అది నేను ఒక్కదాన్నే గుట్టుగా చేసుకునే పని కాదు అని నాకు అర్థమైంది.

ఒక ఆదివారం అన్నాలు తిన్నాక అందరినీ కూర్చోబెట్టి రిపోర్టులు ముందు పెట్టాను. ఏడుపు రాకుండా చెప్పాలనుకున్నా గానీ వచ్చింది. సన్నబడాలని కాదు, ఇది ఇట్లనే వదిలేస్తే లివర్ గట్టిపడి సిర్రోసిస్ దాకా పోవచ్చు అన్నారు, నాకు వేరే వంట వద్దు, అందరం ఒకటే తిందాం అన్నాను. మా ఆయన చాలాసేపు ఆ కాగితాలే చూస్తూ కూర్చున్నాడు, తర్వాత "ముందే చెప్పొచ్చు కదా, మాకేం తెలుసు నువ్వు డైటింగ్ అంటే చీర కోసం అనుకున్నం" అన్నాడు.

మొదట నూనె. డైటీషియన్ మనిషికి నెలకి అర లీటరు మించొద్దు అన్నది, అంటే అయిదుగురికి రెండున్నర లీటర్లు, మా ఇంట్లో అయిదు ప్యాకెట్లు చాలక మధ్యలో ఆరోది తెప్పించే వాళ్ళం. ఒక పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 120 క్యాలరీలు, కూరలో కలిసిపోతది కాబట్టి కంటికి ఆనదు. బాబు ఒక స్టీలు డబ్బాకి మార్కర్‌తో వారం వారం గీతలు గీశాడు, ఈ గీత దాకా ఈ వారం అని. పోపుకి గరిటె తీసేసి టీ స్పూన్ పెట్టాం. బెండకాయ వేపుడు మొదట్లో అడుగంటేది, మూత పెట్టి సన్న సెగ మీద ఉప్పు కాస్త ఆలస్యంగా వేస్తే అంటదు అని అత్తమ్మే కనిపెట్టింది. గీత దాటకుండా వారం గడిస్తే బాబు వచ్చి డబ్బా ఎత్తి చూసి అందరికీ చెప్పేవాడు, ఆదివారం పూరీ కావాలంటే శనివారం దాకా నూనె మిగలాలి అని వాడికి లెక్క బాగా వచ్చేసింది.

రెండోది రొట్టె, దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా. అత్తమ్మ నల్గొండ దగ్గర పల్లెలో పుట్టింది, ఆమె చిన్నప్పుడు ఇంట్లో జొన్న గటక, జొన్న రొట్టె, వరి అన్నం పండగకే అంట. పట్నం వచ్చాక మూడు పూటలా అన్నమే గౌరవం అయిపోయింది. నేను సాయంత్రాలు రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద చేసే ఆమె దగ్గర జొన్న రొట్టెలు కొని తెస్తుంటే అత్తమ్మ ఒకరోజు రొట్టె విరిచి చూసి "పిండి పాతది, చేదొస్తుంది" అని పక్కన పెట్టి, అటక మీద నుంచి పాత పీట దించమన్నది. మరిగే నీళ్ళు పోసి పిండి కలిపి, చేయి కాలుతుంటే చల్లనీళ్ళలో ముంచుకుంటూ మర్దన చేసి, పీట మీద పొడిపిండి చల్లి అరచేత్తో తడుతూ తిప్పుతుంటే రొట్టె దానంతట అదే గుండ్రంగా సాగుతుంది. పెనం మీద వేసి పైన తడి గుడ్డతో తుడవాలి, ఆ తడి ఆరకముందే తిప్పాలి, అప్పుడే పొంగుతుంది. నాది మొదట్లో అంచులన్నీ పగిలేది, ఆమె నా చేయి పట్టుకుని నేర్పింది. నా తిండి గురించి బాధపడిన మనిషే నా జబ్బుకి వంట మనిషి అయ్యింది, ఆరోజు నుంచి ఒక్క ముద్ద పెట్టుకో అనడం మానేసి "రెండు రొట్టెలు చాలు, పుంటికూర ఇంకాస్త వేసుకో" అనడం మొదలుపెట్టింది. జొన్న రొట్టె అని అయిదారు తింటే మాత్రం లాభం లేదు, అందులోనూ పిండిపదార్థమే ఉంటది, కాకపోతే పీచు ఎక్కువ కాబట్టి రెండుకే కడుపు నిండుతది.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ప్లేటులో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని ఉంది. మనం సగం ప్లేటు కూర అంటే వింతగా చూస్తాం, అన్నంలోకి నంచుకోవడానికే కూర అన్నట్టు ఉంటది మన అలవాటు. మేం నల్లకుంట మార్కెట్ నుంచి తెచ్చే కూరగాయలు దాదాపు రెట్టింపయ్యాయి, ఖర్చు పెరిగింది, కానీ స్విగ్గీ ఆర్డర్లు తగ్గాయి కాబట్టి సరిపోయింది.

ఆఫీసులో నాలుగింటికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు, ఇది మానడం అన్నిటికంటే కష్టమైంది, ఎందుకంటే అది చాయ్ కాదు, అందరం కూర్చుని నవ్వుకునే టైం. చాయ్ ఉంచి చక్కెర తీసేశాను, బిస్కట్ బదులు వేయించిన శనగలు తీసుకెళ్తే అందరూ నా డబ్బాలోకే చెయ్యి పెట్టేవాళ్ళు. నడక సుందరయ్య పార్కులో, పొద్దున కుదరదు కాబట్టి రాత్రి తిన్నాక పావుగంట, తిన్న తర్వాత నడిస్తే షుగర్ అంత పైకి ఎగరదు అని డాక్టరమ్మ చెప్పింది. పార్కు మూసే టైం అయితే మా గల్లీలోనే. నాకు ఇంట్లో వాళ్ళ నుంచి కావాల్సింది ఆ పావుగంటే, గిన్నెలు మా ఆయన, పాప కడిగేవాళ్ళు, వాళ్ళే కడగడంతో మిగిలిన ముద్దలు నా నోట్లోకి రావడం కూడా ఆగిపోయింది.

బరువు 73 కిలోల దగ్గర ఆగిపోయింది. ఎంత చేసినా మిషన్ కదలదు, బోనాలు, మటన్, చుట్టాలు, ఆ తర్వాత వర్షాలు, నడక లేదు. నిజంగా కుంగిపోయాను. 2025 మార్చిలో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి ఆఫీసులో అదే మాట, నాకూ ఇవ్వమని అడిగాను. అవసరమైన వాళ్ళకి అది మంచి మందే, తీసుకోవడంలో తప్పేం లేదు, కానీ ముందు రక్తం చూద్దాం అన్నది డాక్టరమ్మ. ఎస్‌జీపీటీ 41కి వచ్చింది! బరువు ఆగినా లోపల లివర్ బాగుపడుతూనే ఉంది, అక్కడి కొవ్వే ముందు కరుగుతుంది అంట. ఆ కాగితం ఇచ్చిన బలం నాకు ఏ వీడియో ఇవ్వలేదు. అప్పటి నుంచి బరువు వారానికి ఒకసారే చూస్తున్నా, దాంతో పాటు టేపుతో నడుము కొలుస్తున్నా, మెట్రో మెట్లు ఆగకుండా ఎక్కానా లేదా అది చూసుకుంటున్నా. బతుకమ్మకి సద్దులు చేసినప్పుడు సత్తుపిండి తిన్నాను, మలీద తిన్నాను, కొంచెం కొంచెం, తర్వాత రెండు గంటలు బతుకమ్మ ఆడాను.

ఇప్పుడు 70 కిలోలు. ఎస్‌జీపీటీ 31, హెచ్‌బీఏ1సీ 5.6, లివర్‌లో కొవ్వు, గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌లో కొవ్వు బాగా తగ్గింది, లివర్ గట్టిపడలేదు అన్నారు. మెడ నలుపు సగానికి పైగా పోయింది. బీఎంఐ ఇంకా 29, తగ్గాల్సింది ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చాక బాబుతో క్యారమ్స్ ఆడే ఓపిక ఉంటోంది, అది నాకు అన్నిటికంటే ఎక్కువ.

అత్తమ్మకి షుగర్ గోలీ డోసు తగ్గించారు. మా ఆయన నడుము టేపుతో కొలిస్తే 98 వచ్చింది, చూడ్డానికి సన్నగానే ఉంటాడు, చొక్కా కింద పొట్ట. బలవంతంగా స్కాన్ చేయిస్తే గ్రేడ్ 1. ఇప్పుడు రాత్రి పావుగంట ఇద్దరం వెళ్తున్నాం, గిన్నెల డ్యూటీ పిల్లలిద్దరికీ పడింది, దాని మీద రోజూ పంచాయితీ నడుస్తోంది.