వాద్యం ఇంట్లో ఉండని విద్వాంసులు

మన ఊళ్ళో కండక్టర్ అంటే టికెట్లు కొడుతూ చిల్లర అడిగే మనిషి. నేను రాస్తున్నది చేతిలో పుల్ల పట్టుకుని వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ల గురించి, అందులోనూ మీసాలు సరిగ్గా రాకముందే పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల ముందు నిలబడుతున్న కుర్రకారు గురించి. 1996లో హెల్సింకీలో పుట్టిన క్లౌస్ మాకెలా 2020లో ఓస్లో ఫిల్‌హార్మోనిక్‌కి చీఫ్ కండక్టర్ అయ్యాడు. మరుసటి ఏడాది పారిస్ ఆర్కెస్ట్రా కూడా చేతికొచ్చింది. 2027 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌హెబౌ, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలు రెండూ ఆయనవే. 2000లో పుట్టిన తర్మో పెల్టోకోస్కిని 2022లో బ్రెమెన్‌లోని జర్మన్ ఛాంబర్ ఫిల్‌హార్మోనిక్ తన ప్రిన్సిపల్ గెస్ట్ కండక్టర్‌గా, అంటే ప్రధాన అతిథి కండక్టర్‌గా, తీసుకుంది. ఆ ఆర్కెస్ట్రా చరిత్రలో అంతకుముందు ఆ పదవే లేదు.

వీళ్ళను బాలమేధావులని మెచ్చుకుని వదిలేస్తే అసలు సంగతి చేజారుతుంది. వయొలిన్ నేర్చుకునే పిల్లకి వాద్యం ఒళ్ళోనే ఉంటుంది, రాత్రి పదింటికైనా సాధన చేసుకోవచ్చు. కండక్టర్ వాద్యం ఎనభై మంది మనుషులు. వాళ్ళను ఇంటికి పిలిపించుకోలేం, అద్దం ముందు చేతులు ఊపితే వాళ్ళు పలకరు. అందుకే ఈ వృత్తిలో తొలి పదేళ్ళ కథంతా ఒక్కటే: ఆర్కెస్ట్రా ముందు నిలబడే గంటలు ఎలా సంపాదించాలి? పోటీలు, అసిస్టెంట్ ఉద్యోగాలు, ఒపెరా థియేటర్‌లో పియానో చాకిరీ, అన్నీ ఆ గంటల కోసమే.

ఫిన్లాండ్ వాళ్ళు ఈ చిక్కుముడిని తిన్నగా విప్పారు. హెల్సింకీ సిబేలియస్ అకాడమీలో యోర్మా పానులా 1973 నుంచి రెండు దశాబ్దాలు కండక్టింగ్ నేర్పాడు. ఎసా-పెక్క సాలోనెన్, సకారి ఒరామో, సుసన్నా మాల్కి లాంటి పేరున్న కండక్టర్లు ఆయన శిష్యులే. ఆ పద్ధతిలో విద్యార్థుల చేతికి నిజమైన ఆర్కెస్ట్రానే ఇస్తారు, వీడియో తీస్తారు, తర్వాత కూర్చోబెట్టి చూపిస్తారు. గురువు పెద్దగా మాట్లాడడు. నీ ఎడమ చెయ్యి ఎందుకు ఊగుతోందో నువ్వే చూసుకుంటావు. మాకెలా 12 ఏళ్ళకి, పెల్టోకోస్కి 14 ఏళ్ళకి, అకాడమీ వదిలాక కూడా పాఠాలు మానని పానులా దగ్గర చేరారు. వేరే దేశాల్లో ఇరవై రెండేళ్ళ విద్యార్థి రెండు పియానోల ముందు చేతులు తిప్పుతూ 'ఇది ఆర్కెస్ట్రా అనుకో' అని సర్దుకునే వయసుకి, వీళ్ళకు ఏళ్ళ తరబడి మనుషుల ముందు నిలబడిన అనుభవం ఉంది. ఇంకో సంగతి: మాకెలాది చెల్లో, పెల్టోకోస్కిది పియానో. చేతిలో స్వయంగా ఒక వాద్యం ఉన్నవాళ్ళ మాటకు వాయించేవాళ్ళ దగ్గర మొదటి రోజే కొంత విలువ ఉంటుంది.

ఆ గంటల్లో నేర్చుకునేది ఏమిటో తెలియాలంటే బీతోవెన్ ఐదో సింఫనీ మొదటి ఐదు బార్లు (తాళం ఒక్కో చుట్టు ఒక బారు) చాలు. అందరికీ తెలిసిన 'ట-ట-ట-టా'. తాళం 2/4, వేగం నిమిషానికి 108 అర స్వరాలు (ఒక్కోటి ఇక్కడ బారంత పొడవు), అంటే బారుకి ఒక్క దెబ్బే. కానీ బారు మొదట్లో స్వరం లేదు, ఎనిమిదో వంతు స్వరమంత విరామం, అంటే ఇక్కడ బారులో పావు భాగం, ఉంది. దెబ్బ పడ్డాక పాట ఎత్తుకోవాలి. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు అనాగత గ్రహం అంటే చప్పున పట్టేస్తారు. మన కచేరీలో తాళం అప్పటికే నడుస్తూ ఉంటుంది. ఇక్కడ తాళం ఇంకా పుట్టనే లేదు. కండక్టర్ చెయ్యి పైకి లేచే ఆ ఒక్క కదలికలోనే వేగం, బలం, ఎప్పుడు మొదలెట్టాలన్నదీ తెలిసిపోవాలి.

కొత్తవాళ్ళు చేసే తప్పు దాదాపు ఒకటే. భయంతో చెయ్యి నెమ్మదిగా లేపి, కిందికి మాత్రం వేగంగా కొడతారు. లేచిన వేగాన్ని నమ్మిన సగం మంది ఆలస్యంగా, దిగిన వేగాన్ని నమ్మిన సగం మంది ముందుగా వాయిస్తారు. మూడు స్వరాలు ఆరై వినిపిస్తాయి. ఇంకొందరు జాగ్రత్త కోసం 'ఒకటి, రెండు' అని ముందే ఒక బారు కొట్టి చూపిస్తారు. దాంతో ఎవరో ఒకరు ఆ ఖాళీ దెబ్బకే మొదలెట్టేస్తారు. తర్వాత స్వరాన్ని ఆపి పట్టుకునే ఫెర్మాటా. రెండోసారి అది రెండు బార్లు కలిపి కట్టిన స్వరం మీద ఉంటుంది కాబట్టి మొదటిదానికంటే పొడవుగా పట్టాలి. ఆపిన కదలికే తర్వాతి ఎత్తుగడ అయితే సంగీతం నడుస్తుంది. ఆపి, చెయ్యి దించి, మళ్ళీ లేపితే నడక కుంటుతుంది. అరనిమిషం కూడా లేని ఈ భాగాన్ని పోటీల్లో పెట్టేది ఊరికే కాదు.

రెండో పాఠం ఇంకా కష్టం. పెద్ద ఆర్కెస్ట్రాలు, ముఖ్యంగా జర్మనీ, ఆస్ట్రియాల్లో, దెబ్బ పడిన క్షణానికే పలకవు, కాస్త వెనకాల వస్తాయి. అనుభవం లేనివాడు ఆ శబ్దం కోసం ఆగుతాడు. అతను ఆగాడని వాళ్ళు ఇంకాస్త ఆగుతారు. పది బార్లలో వేగం చచ్చిపోతుంది. మందు ఒక్కటే: చెవిని శబ్దానికి ఇచ్చి, చేతిని మాత్రం ముందుకు నడపడం. ఇది పుస్తకం చదివితే రాదు.

ఇక దారులు. నా లెక్కలో అన్నిటికంటే గట్టిది జర్మన్ ఒపెరా థియేటర్ల దారి. మొదట కొరెపెటిటర్, అంటే గాయకులకు పియానో మీద పాత్రలు నేర్పేవాడు. తర్వాత కపెల్‌మైస్టర్, అంటే థియేటర్ కండక్టర్, ఆపైన ఆ ఊరి మొత్తం సంగీతానికీ అధిపతి అయిన గెనెరాల్‌మూజీక్‌డిరెక్టర్. యోఆనా మాల్విట్స్ 2006లో హైడెల్‌బెర్గ్ థియేటర్‌లో చేరి, 19 ఏళ్ళకే ఆఖరి నిమిషంలో 'మదామ బటర్‌ఫ్లై' ఒపెరాకి కండక్టర్‌గా దిగింది. 2014లో ఎర్ఫుర్ట్, 2018లో న్యూరెంబర్గ్ థియేటర్ల సంగీతాధిపతి, 2023లో బెర్లిన్ కన్సర్ట్‌హౌస్ ఆర్కెస్ట్రా. మెట్లు ఒక్కొక్కటే. ఒపెరాలో గాయకురాలు ఊపిరి చాలక ఒక స్వరాన్ని ముందే వదిలేస్తుంది, వేదిక మీద తలుపు ఇరుక్కుంటుంది, కోరస్ ఒక దెబ్బ వెనకపడుతుంది. ఏ రాత్రికారాత్రి దాన్ని సర్దిన మనిషికి సింఫనీ కచేరీలో గాభరా పుట్టడం కష్టం.

అమెరికా, ఇంగ్లండ్‌లలో అసిస్టెంట్ కండక్టర్ దారి ఉంది. పేరు గొప్పదే, పని మాత్రం హాలు వెనక వరసల్లో కూర్చోవడం. చేతిలో స్కోర్ (అన్ని వాద్యాల స్వరాలూ వరసలుగా రాసిన పుస్తకం), పెన్సిల్. 'హార్న్‌ల కింద వయోలాలు వినపడట్లేదు' అని రిహార్సల్ విరామంలో అసలు కండక్టర్ అయిన పెద్దాయన చెవిలో వెయ్యాలి. పిల్లల కచేరీలు నడపాలి. మాహ్లర్ రెండో సింఫనీ చివర వేదిక వెనక నుంచి వాయించే ట్రంపెట్లను, హార్న్‌లను నడిపించేదీ తరచుగా అసిస్టెంటే. అక్కడ లెక్క తెలియాలి: శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, 34 మీటర్ల దూరమైతే సెకనులో పదో వంతు ఆలస్యం. వేదిక మీది కండక్టర్‌ని చూపించే మానిటర్‌లో కనిపించే దెబ్బకే వాయిస్తే హాల్లో వెనకపడినట్టు ఉంటుంది, కాబట్టి కాస్త ముందు కొట్టాలి. చల్లటి వరండాలో చాలాసేపు నిలబడితే ఇత్తడి వాద్యాల శ్రుతి దిగిపోతుంది. వాయించకుండానే లోపలికి ఊదుతూ వేడిగా ఉంచుకోమని గుర్తు చెయ్యాలి.

వీటన్నిటికీ మించి, ఆ వారం కార్యక్రమం మొత్తం అసిస్టెంట్‌కి కంఠతా వచ్చి ఉండాలి. 1943 నవంబర్ 14న న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కచేరీకి కండక్టర్ బ్రూనో వాల్టర్ ఫ్లూతో రాలేకపోతే, 25 ఏళ్ళ అసిస్టెంట్ లెనార్డ్ బెర్న్‌స్టయిన్ రిహార్సల్ లేకుండా కార్నెగీ హాల్‌లో నిలబడ్డాడు. రేడియోలో దేశమంతా విన్నది, మర్నాడు పత్రిక మొదటి పేజీకెక్కింది. దీన్ని అదృష్టం ఖాతాలో వేస్తుంటారు. స్ట్రాస్ 'డాన్ కిహోటే' లాంటి చిక్కు రచనను అంతకుముందే చదివి పెట్టుకోవడం అతని ఉద్యోగం. అదృష్టం పెద్దాయనకి జ్వరం రావడం దాకానే.

మన దేశపు పేరు ఇందులో పెద్దక్షరాల్లోనే ఉంది. 1936లో బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా వియన్నాలో హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదివాడు. స్వరోవ్‌స్కీ స్కోర్‌ను బార్ల గుంపులుగా, నాలుగు, నాలుగు, ఆరు, రెండు అని విడగొట్టించేవాడు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా చెయ్యి ఊపడం ఆయనకు గిట్టదు. పెద్ద కండక్టర్ల రిహార్సల్స్ బయటివాళ్ళకు మూసి ఉంటే మెహతా, తోటి విద్యార్థి క్లాడియో అబ్బాడో కోరస్‌లో పాడేవాళ్ళుగా చేరిపోయారు, లోపల కూర్చుని చూడటానికి! గంటలు సంపాదించడం అంటే అదీ. 1958లో లివర్‌పూల్ పోటీ గెలిస్తే బహుమతిగా వచ్చింది అక్కడే ఏడాది అసిస్టెంట్ పని. 1962కల్లా మాంట్రియల్, లాస్ ఏంజెలెస్ ఆర్కెస్ట్రాలు రెండూ ఆయన చేతిలో ఉన్నాయి, వయసు 26. మాకెలా రెండు ఆర్కెస్ట్రాల సంగతి విని ఇప్పుడు ముక్కున వేలేసుకుంటున్నవాళ్ళు ఇది మర్చిపోతుంటారు.

పోటీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో బెసాంసోన్ 1951 నుంచి ఉంది, 1959లో సెయిజి ఒజావా గెలిచాడు. కోపెన్‌హాగన్‌లో మాల్కో, 1965 నుంచి. బాంబెర్గ్‌లో మాహ్లర్ పోటీ 2004లో మొదలైంది. తొలి విజేత వెనిజువెలా కుర్రాడు గుస్తావో దుదామెల్, 2013లో లహావ్ షానీ. గెలిచినవాళ్ళకు డబ్బు కంటే పనికొచ్చేది తర్వాతి రెండేళ్ళ ఆహ్వానాలు. గెలిచి కనుమరుగైనవాళ్ళే ఎక్కువ. పావుగంటలో ఒక సింఫనీ ముక్కను మెరిపించడం వేరు, వారం రోజులు ఒకే కార్యక్రమాన్ని పండించడం వేరు.

కుర్రవాళ్ళు ఓడిపోయేది ఆ వారంలోనే, అదీ చాలావరకు గడియారం వల్ల. అమెరికాలో రిహార్సల్ మామూలుగా రెండున్నర గంటలు. విరామం 20 నిమిషాలు పోగా మిగిలేది 130. నలభై అయిదు నిమిషాల సింఫనీని ఒకసారి ఆపకుండా నడిపితే చేతిలో 85 నిమిషాలే ఉంటాయి. వాటిలో ప్రతి ఎనిమిది బార్లకూ ఆపి, ఈ రాగంలో శరదృతువు విషాదం ఉందని ఉపన్యాసమిస్తే వెనక వరస ఫోన్లు తీస్తుంది. వాళ్ళకు కావలసింది ఎవరు, ఎక్కడ, ఏమిటి, ఈ వరసలో మూడు ముక్కలు: 'రెండో వయొలిన్లు, 84వ బారు, పొట్టిగా.' బారు సంఖ్య ముందు చెప్పేసి, ఎవరో ఆఖర్న చెబితే డెబ్బై మంది అనవసరంగా పేజీలు తిప్పుతారు. బ్రాహ్మ్స్ మొదటి సింఫనీలో ట్రాంబోన్‌లకు నాలుగో భాగం దాకా స్వరమే లేదు. మొదటి భాగం తీగ వాద్యాల సందేహాలు తీరుస్తూ ముగ్గురు ట్రాంబోన్ వాళ్ళను గంటన్నర కూర్చోబెట్టినవాడు, వాళ్ళ ఓటు ఆ రోజే పోగొట్టుకున్నట్టు.

ఓటు అన్నది అలంకారం కాదు. చాలా అమెరికన్ ఆర్కెస్ట్రాల్లో అతిథి కండక్టర్ వారం అయ్యాక వాయించినవాళ్ళు కాగితం మీద అభిప్రాయం రాసిస్తారు. ఈ వృత్తిలో నిజమైన పరీక్ష రెండో ఆహ్వానం. మొదటిసారికి ఎవరైనా తనకు బాగా వచ్చిన రచనే పట్టుకెళ్తాడు. రెండోసారి పిలిచినప్పుడు వేరేది తీసుకెళ్ళాలి, మూడోసారి ఇంకోటి.

మాకెలా మీద నాకున్న అనుమానం కూడా అక్కడే, వయసు మీద కాదు. షికాగోలో సీజన్‌కు కనీసం 14 వారాలు, ఆమ్‌స్టర్‌డామ్‌లో 12. మొత్తం 26 వారాలు, చాలా వారాలకు కొత్త కార్యక్రమం. మాహ్లర్ సింఫనీ ఒక్కటి లోపలికి దిగాలంటే నెలలు పడుతుంది. స్కోర్‌లో ఇరవై ముప్ఫై వరసలు, క్లారినెట్ రాసినదానికంటే ఒక స్వరం కింద పలుకుతుంది, హార్న్ నాలుగు స్వరాలు కింద. ఇదంతా లోపలి చెవిలో ఒకేసారి మోగాలి. యాభై ఏళ్ళ కండక్టర్ అలాంటివి ముప్ఫై నలభై ముందే మోసుకుని వస్తాడు. ముప్ఫై ఒకటో ఏట షికాగోలో అడుగుపెట్టేవాడు వాటిని విమానంలో నేర్చుకోవాలి, మర్నాడు పొద్దున పదింటికి ఆ రచనను తనకంటే ఎక్కువసార్లు వాయించిన మనుషుల ముందు నిలబడాలి.