‘ఓసోటో గారి’ దగ్గర నా తిప్పలు

ముప్పై ఆరేళ్ల వయసులో జూడోలో చేరానని ఇంట్లో నవ్వారు. నాకు నవ్వొచ్చింది మాత్రం సార్ చెప్పిన పట్టు పేరు విని. ‘ఓసోటో గారి’! ఎవరో పెద్దాయన గురించి చెబుతున్నారేమో అనుకున్నాను. తీరా జపాను భాషలో ఓ అంటే పెద్ద, సోటో అంటే బయట, గారి అంటే కోత. కొడవలితో కోసినట్టు అవతలివాడి కాలిని బయటి వైపు నుంచి మన కాలితో కోసెయ్యాలి.

మొదటి నెలంతా పడటమే నేర్పారు. ఈ పట్టులో మనిషి వెనక్కి వెల్లకిలా పడతాడు, తల వెనకభాగం నేలకు తగిలే ప్రమాదం ఉంది. అందుకే గడ్డం ఛాతీకి ఆనించి, బెల్టు ముడి చూస్తూ, చేత్తో మ్యాట్‌ని చరచాలి.

తర్వాత మొదలైంది నా టెన్షన్. చిన్నప్పుడు కబడ్డీ ఆడిన చేతులు కదా, కంగారు పుడితే చాలు, వంగి ఎదుటివాడి మడమ పట్టేసేవాణ్ని. 2010 నుంచి అంతర్జాతీయ పోటీల్లో అలా నేరుగా కాలు పట్టుకోవడంపై ఆంక్షలున్నాయి. సరే, చెయ్యి మానేసి కాలు విసిరాను, బంతిని తన్నినట్టు. నాతో ప్రాక్టీసు చేసే ఇంజినీరింగ్ కుర్రాడు కదల్లేదు. పైగా తన కాలితోనే నన్ను వెల్లకిలా పడేశాడు. ఎందుకంటే కాలు విసిరే తొందరలో నేనే వెనక్కి వాలాను. ఇద్దరి కాళ్లూ ఒకేలా మెలిపడి ఉంటాయి కాబట్టి ఎవరు వెనక్కి వాలితే వాళ్లే పడతారు.

సార్ రెండు వారాలు కాలు వాడనివ్వలేదు. నా ఎడమ పాదం అతని కుడి పాదం పక్కన, కాస్త బయటికి వెయ్యాలి. ఎడమచేత్తో అతని కుడి చొక్కా చేతిని నా నడుము వైపు లాగాలి. కాలరు పట్టుకున్న కుడిచేత్తో అతన్ని అతని కుడి భుజం వైపుగా వెనక్కి నెట్టాలి. ఛాతీకి ఛాతీ ఆనాలి. అప్పుడు అతని బరువంతా కుడి మడమ మీదికి వస్తుంది. బరువు మోస్తున్న ఆ కాలిని ఎత్తి వెనక్కి అడుగేసి నిలదొక్కుకునే వీలుండదు. కోత అప్పుడే. నా కుడికాలు ముందుకు దాటించి, వెనక్కి ఊపుతూ అతని తొడ వెనక తగిలించాలి. అదే సమయంలో నా తల కిందికి వంగాలి.

మా అమ్మ వరి కోసేది గుర్తొచ్చింది. ముందు ఎడమచేత్తో గుప్పెడు దుబ్బు పట్టి వంచేది, ఆ తర్వాతే కొడవలి. నేనేమో ఇన్నాళ్లూ ఖాళీగా కొడవలి ఊపుతున్నాను.

మూడో నెలలో ఒక సాయంత్రం కుర్రాడు నిజంగా గాల్లోకి లేచాడు. మ్యాట్ ఢామ్మంది. అతని చొక్కా చెయ్యి వదల్లేదు నేను, అలా పట్టుకుంటే తల నేలకు కొట్టుకోకుండా ఆసరా ఉంటుంది. లేచి దులుపుకుని, “బాగుందన్నా. ఇప్పుడు ఎడమ వైపు చెయ్యండి” అన్నాడు.

ఎడమ వైపా? నా చెయ్యి మళ్లీ అతని మడమ దగ్గరికే పోయింది.